మూత తీసిన సీసాలు

ఉదయం ఐదు గంటల పది నిమిషాలకు నాయిన నా సీసాల మూతలు తీశాడు. గ్యాస్ ఎంత చేరిందో రాయడానికి నోటుపుస్తకంతో వచ్చి, అందులో ఆ టైం వేసి ఆగిపోయాను. అందుకే గుర్తుంది.

కరోనాకు యూనివర్సిటీ మూసేశారు. నా పరిశోధన సీసాలను నకిరేకల్ దగ్గరి మా ఊరికి తెచ్చుకుని, వెనక గదిలో ట్యూబులైట్ల కింద పెట్టాను. వాటిలో ఉన్నది ఆకుపచ్చ నాచు. గంధకం లేని నీళ్లలో వేసి, గాలి తగలకుండా మూసి, వెలుతురులో ఉంచితే కొన్ని రోజులకు అది హైడ్రోజన్ వదులుతుంది. బండ్లు నడపగల ఇంధనం. గాలి సోకితే ఆగిపోతుంది. ఆ వారంలో ఫలితం పంపకపోతే నా పీహెచ్‌డీ గడువు దాటిపోతుంది.

నాయిన గొర్రెలు కాసేవాడు. సీసాలు చూసి మొదటి రోజే నవ్వాడు.

"పాచి పెంచే సదువు గూడ ఉన్నదా బిడ్డా? మన గొర్ల తొట్టిల మస్తుగున్నది, గీకియ్యనా?"

నక్కల భయానికి కొత్తగా పుట్టిన గొర్రెపిల్లలను రాత్రి గంపల కింద మూసేవాళ్లం. తెల్లవారుజామున లేవగానే నాయిన చేసే మొదటి పని ఆ గంపలు ఎత్తడం. ఆలస్యమైతే పిల్లలు ఉక్కకు అల్లాడిపోతాయి.

నాయిన మూతలు తీసిన ఆ తెల్లవారుజామున సీసాల్లో బుడగలు మొదలయ్యాయి. నేను ఎదురుచూసిన బుడగలు అవే.

"ఎవరు తియ్యమన్నరు నాయినా?"

"లోపల బుడగలు కొట్టవట్టె. గాలాడక సస్తున్నయేమో అనుకున్న."

"నీకు తెల్వనిదాంట్ల చెయ్యి పెట్టకు."

"గట్లనే బిడ్డా," అన్నాడు.

ఆ తర్వాత ఆ గదిలో అడుగు పెట్టలేదు. చాయ్ గ్లాసు గడప మీద పెట్టి, పిలిచి వెళ్లిపోయేవాడు. పొరపాటున చేశావులే అని చెబుదామని రోజూ అనుకున్నాను. గడువు దాటింది. నాచును పెరట్లో పారబోశాను. అదీ ఆయనకు చెప్పలేదు.

మరుసటి ఏడు ఎండాకాలంలో నాయినను నల్లగొండ దవాఖానలో చేర్చాం. ముఖానికి ఆక్సిజన్ మాస్కు. దాన్ని కొద్దిగా పక్కకు జరిపి అడిగాడు.

"నీ సీసలు మంచిగున్నయా?"

"ఉన్నయి నాయినా."

"మూతలు నేను మల్ల ముట్టలే."

మాస్కు నేనే సరిచేశాను. రెండో రోజు పోయాడు.

గొర్రెలను చిన్నాయిన తోలుకుపోయాడు. మా ఇంట్లో ఇప్పుడు పొద్దున గంపలు ఎత్తడం లేదు.