గంగాళం మీద బ్లాగు

మా ముత్తాతను బగ్గీ పటేల్ అనేవారు. చందానగర్ చుట్టుపక్కల మూడూళ్లకు ఆయన పటేల్. సొంత బగ్గీలో షహర్‌కు పోయి వచ్చిన మొదటివాడని పేరు. మా తాతను పంక్తి పటేల్ అనేవారు. ఆయన కాలానికి బగ్గీ లేదు, గుర్రం లేదు, పంక్తి మాత్రం ఉండేది. శిస్తు కట్టడానికి వచ్చినవాడైనా, తగువు తీర్చమని వచ్చినవాడైనా, దారి తప్పి వచ్చినవాడైనా మా ఇంట్లో కడుపునిండా తినకుండా గడప దాటేవాడు కాదు. వడ్డించేవాళ్లకు తాత పెట్టిన నియమం ఒక్కటే: "ఇంకా కావాలా?" అని అడగకూడదు. అడిగితే మొహమాటస్తుడు వద్దంటాడు, ఆకలిగా ఉన్నవాడు సిగ్గుపడతాడు. ఆకులో జాగా కనబడితే వడ్డించాలి, అంతే. ఆ పంక్తిలోనే ఆస్తి కరిగిపోయిందని బంధువులు అంటారు. నేను మాత్రం ఖర్చయింది అంటాను. మేము ఎకరాల లెక్కన అమ్మిన నేలను ఇప్పుడు గజాల లెక్కన అమ్ముతున్నారు. ఆ సంగతి మా ఇంట్లో ఎవరూ ఎత్తరు.

ఇప్పటి పిల్లలకు చెబితే నమ్మరు గానీ, ఇంటర్నెట్‌లో జనం ఊరికే రాసుకుని, ఒకరిది ఒకరు ఊరికే చదువుకుని సంతోషించిన కాలం ఒకటి ఉండేది. అప్పటికి నాయన, అమ్మ, నేను చందానగర్ బజారు వెనక రెండు గదుల కిరాయి ఇంట్లో ఉండేవాళ్లం. తాత కాలం నుంచి మాకు మిగిలినవి పంక్తి వంటకు వాడిన రాగి గంగాళాలు రెండు, కొన్ని బోగోణీలు, ఒక పెద్ద కడాయి. ముందు గదిలో సగం అవే. వచ్చిన చుట్టం గంగాళానికీ గోడకూ నడుమ ఒదిగి కూర్చుని చాయ్ తాగాల్సిందే. నా కంప్యూటరుకు బల్ల వేసే జాగా లేక, ఒక గంగాళాన్ని బోర్లించి దాని మీద పెట్టాను. గంగాళం కింద మోకాళ్లు పెట్టుకునే చోటుండదు కాబట్టి పక్కకు తిరిగి, నడుం వంచి టైపు చేసేవాణ్ణి. (మా వంశంలో నడుం వంచిన మొదటివాణ్ణి నేనే.) ఒక్కో అక్షరానికీ కింద రాగి సన్నగా మోగేది. అమ్మ వంటింట్లోంచే, "ఇయ్యాల బగ్గ రాస్తున్నవు గదరా" అనేది.

పగలు హైటెక్ సిటీలో ఒక ఆఫీసులో కూర్చుని అమెరికావాళ్ల ఆసుపత్రి బిల్లుల్లో తప్పులు వెతకడం నా ఉద్యోగం. సాయంత్రం ఆన్‌లైన్‌లో ఊళ్లు కట్టే ఆట ఆడేవాణ్ణి. అందులో మొదట ఒక చిన్న ఊరు ఇస్తారు. పొలాలు దున్నించి, గాదెలు నింపి, చుట్టూ గోడ కట్టి దాన్ని పెంచుకోవాలి. మనం లేనప్పుడు పొరుగు ఊరివాడు దండెత్తి వచ్చి గాదె ఊడ్చుకుపోతాడు. ఈ యుద్ధాల సంగతులన్నీ 'మాజీ పటేల్' అనే పేరుతో నా బ్లాగులో రాసేవాణ్ణి. రాసినదాన్ని టపా అనేవాళ్లం. ప్రతి టపానూ అన్నాల దగ్గర నాయనకు చదివి వినిపించేవాణ్ణి. ఆయన ఆటను ఆట అనుకోలేదు.

"గాదె నిండ వడ్లు పెట్టుకోని గోడెందుకు కట్టలేదురా?"

"రాళ్లు తక్కువున్నయి నాయినా."

"రాళ్లు తక్కువుంటె పొరుగూరోనితోని మంచిగుండాలె. ఆనికి నువ్వే నాలుగు బస్తాలు పంపు. తిన్నోడు దండెత్తడు."

పంపాను. తిన్నవాడు మర్నాడే దండెత్తి వచ్చి మిగిలినవి కూడా పట్టుకుపోయాడు. ఆ కబురు చెబితే నాయన ముద్ద కలుపుతూ కలుపుతూ ఆగిపోయాడు. "గదేం ఆటరా," అన్నాడు చివరికి, "ఉప్పు దిన్న ఇశ్వాసం లేదు!" ఆ ముచ్చట ఉన్నదున్నట్టు టపాగా రాశాను. నా రాతల్లోకెల్లా జనాన్ని ఎక్కువగా నవ్వించింది అదే.

బ్లాగు విద్య నాకు నేర్పింది ఆఫీసులో నా పక్క సీటు కడపన్న. (కడప నుంచి వచ్చాడు కాబట్టి ఆ పేరు.) ఒకరోజు కుర్చీ నా వైపు లాక్కుని, "ఫీడ్ అని ఒకటుంటాదబ్బా. చదివేటోళ్లు చందా చేరితే నువ్వు రాసింది తానే వాళ్ల కాడికి పోతాది. దుడ్లేం ఒద్దు. వాళ్లు నీ సైటుకు రావాల్సిన పన్లే," అని చెప్పి, ఆ ఏర్పాటూ తానే చేసిపెట్టాడు. చివర్లో ఒక ప్రశ్న మిగిలింది. టపా మొత్తం పంపాలా, లేక నాలుగు వరుసలు పంపి 'ఇంకా చదవాలంటే ఇక్కడ నొక్కండి' అని ఆపాలా?

"సగమే పంపబ్బా," అన్నాడు కడపన్న. "అప్పుడే కదా జనం నీ సైటుకొచ్చేది. అంతా యాడికి పోతే ఆడికే మోసిస్తే, నీ గడప ఎవడు తొక్కుతాడు?"

ఇంత పెద్ద విషయం సొంతంగా తేల్చకూడదని ఆ సాయంత్రం నాయనను అడిగాను. ఆయన నా వైపు జాలిగా చూశాడు.

"అంటె, ఆకు ముంగట కూసున్నోనికి రెండు మెతుకులేసి, ఇంక గావాల్నంటె లేచి మా వంటింట్లకు రా అంటవా?"

"అందరు గట్లనే పెడుతున్నరు నాయినా."

"అందరు పంక్తి పటేల్ మనుమలు కారు గద."

అలా నా ఫీడ్ పూర్తి ఫీడ్ అయింది. చందాదారులు వందల్లో చేరారు. రాసింది రాసినట్టు వాళ్ల ముందుకే పోయేది కాబట్టి సైటు వైపు ఒక్కరూ తొంగిచూసేవారు కాదు. వచ్చినవాళ్లను లెక్కపెట్టే మీటరులో కనిపించే నలుగురైదుగురిలో నేనొకణ్ణి, కడపన్న ఒకడు. నాయనకు మాత్రం చందాదారుల లెక్కే లెక్క. "పంక్తి పెరుగుతున్నదా?" అని అడిగి, పెరుగుతోందంటే తృప్తిగా గుటక వేసేవాడు.

ఆ ఏడాదే ఇంటి ఓనరు వచ్చి గంగాళం పక్కన ఒదిగి కూర్చున్నాడు. "పటేల్ సాబ్, ఏమనుకోకుండ్రి. ముందు రూముకు షట్టర్ పెట్టిస్తున్న. మొబైల్ దుకాణపోళ్లు అడిగిండ్రు. మీరు ఎన్క రూముల ఉండుండ్రి, ఫికర్ లేదు. గీ గంగాళాల సంగతే జర చూడుండ్రి. దసరా దాంక టైం తీసుకోండ్రి."

"మేం పోతెనే అవి పోతయి," అన్నాడు నాయన.

అనడం సులువే. గంగాళాలతో సహా పోవాలంటే పెద్ద ఇల్లు కావాలి, పెద్ద ఇంటికి పెద్ద కిరాయి, నా జీతం మాత్రం చిన్నది. (చిన్నాయన తన ఇంట్లో పెట్టుకుంటానన్నాడు. ఇంకొకరి ఇంట్లో ఉన్న గంగాళం మనది కాదని నాయన ఒప్పుకోలేదు.) అప్పుడు కడపన్న ఒక కబురు తెచ్చాడు. హైటెక్ సిటీలోనే ఒక ఆటల కంపెనీ, తన ఆటల సంగతులు తెలుగులో రాసే మనిషి కోసం వెతుకుతోంది. జీతం నాకు వచ్చేదానికి దాదాపు రెట్టింపు. అది వస్తే గంగాళాలు మా దగ్గరే ఉంటాయి, రాకపోతే పోతాయి. ఆ రోజు అమ్మ నా చొక్కాను రెండుసార్లు ఇస్త్రీ చేసింది.

ఇంటర్వ్యూ గది బయట నా ఈడువాడే ఇంకొకడు కూర్చుని ఉన్నాడు. పువ్వుల చొక్కా. అతని ఫోను మోగిన ప్రతిసారీ కొత్త పాట పాడుతోంది. మనసులో అతనికి రింగ్‌టోన్ అని పేరు పెట్టి, పలకరించకుండా బిగుసుకుని కూర్చున్నాను. ఇంతలో లోపలికి పిలిచారు.

లోపల ఉన్న మేడంది గోదావరి జిల్లాల మాట. "రండి, కూర్చోండి. మీ సైటుకు రోజుకు ఎంతమంది వస్తుంటారండి?"

"ఎవరూ రానవసరం లేదండి. మేమే పంపిస్తాం."

"అంటే... ఫీడ్‌లో మొత్తం ఇచ్చేస్తారాండి?"

"సగం వడ్డించడం మాకు చేతకాదండి."

ఆమె నవ్వలేదు. (అది ఆమె మర్యాద.) ఏదైనా ఒక టపా సంగతి చెప్పమంటే, పొరుగు ఊరికి వడ్లు పంపిన టపా చెప్పడం మొదలుపెట్టాను. రెండు మాటలు కూడా పూర్తి కాలేదు, "అయ్యో, ఇది నేను చదివానండీ!" అంది. "మా ఇంట్లో అందరం పడీ పడీ నవ్వుకున్నాం. కానీ ఇది ఈ సైటులోది కదండీ?" అంటూ తెర నా వైపు తిప్పింది. పైన వరుసగా రింగ్‌టోన్లు, పక్కన క్రికెట్ స్కోరు, కింద పెళ్లి సంబంధాల ప్రకటన మెరుస్తూ ఆరుతూ ఉంది. వాటి నడుమ ఇరుక్కుని మా నాయన, ఉప్పు తిన్న విశ్వాసం లేదంటున్నాడు. చివర 'మాజీ పటేల్' అని నా పేరు కూడా ఉంది. ఫీడ్‌లో పోయిన నా టపాలన్నిటినీ ఎవరో ఎత్తి అక్కడ పరిచారు.

"ఇవి నేను రాసినవేనండి," అన్నాను.

"మీరు మాట్లాడుతుంటేనే తెలుస్తోందండి. కానీ చూడండి, రాసేవాళ్లు మాకు ఇప్పటికే ఉన్నారు. జనాన్ని మా గుమ్మంలోకి తెచ్చేవాళ్లు కావాలి. ఒక పని చేయండి, ఫీడ్ సగానికి మార్చేయండి. మీ పాఠకులే మీ సైటుకు వస్తారు. ఒక నెల చూద్దాం. వస్తే ఈ ఉద్యోగం మీదేనండి. అప్పటిదాకా నేను ఆపుతాను."

బయటికి వస్తే రింగ్‌టోన్ ఎదురొచ్చాడు. "అన్నా, లోపట ఏం అడుగుతున్నరన్నా? నాది గీ సైటు," అని పేరు చెప్పాడు. నేను ఇప్పుడే తెరమీద చూసి వచ్చిన సైటే! మూడు తరాల పటేళ్లు నా గొంతులోకి వచ్చి నిలబడ్డారు.

"మాజీ పటేల్ రాతలు నీకెవరిచ్చారు?"

"ఎవరియ్యాలన్నా? పాపం ఫీడ్ మొత్తం తెరిచి పెట్టిండాయన. ఏం రాస్తడన్నా! మా అమ్మకు సదువు రాదు, నేనే సదివి ఇనిపిస్త. బోరబండల మా గల్లీ అంతట ఆ ఉప్పు ముచ్చట చెప్పుకుంట తిరుగుతది. పేరు గూడ తియ్యలే నేను, ఒట్టు."

"అది నేనే."

అతను ఫోను మోగుతుంటే ఎత్తలేదు, ఆపనూ లేదు. పాట మొత్తం అయిపోయాక, "కొడ్తవా అన్నా?" అన్నాడు చిన్నగా.

మూడు తరాలలో ఎవరు పలికారో తెలియదు గానీ, "చాయ్ తాగుదాం పద" అన్నాను. అతని ఇంటర్వ్యూ అయ్యేదాకా ఆగి మరీ తాగించాను. రెండు సమోసాలు కూడా.

ఇంటికి వచ్చి జరిగిందంతా చెప్పాను. అమ్మ వెంటనే, "నెల దినాలే గదరా. సగం పెట్టు. గంగాళాలన్న ఉంటయి" అంది. నేనూ అమ్మ పక్షమే. మార్చాల్సింది ఒక్క మీట. నాయన చేయి కడుక్కుని వచ్చి, నా కంప్యూటరు మోస్తున్న గంగాళాన్ని చూస్తూ కూర్చున్నాడు.

"వీటిని ఎందుకు మోసుకొచ్చినంరా ఈడిదాంక?" అన్నాడు. "అడగకుంట పెట్టిన గంగాళాలని. వీటిని నిలుపుకోనీకె అడిగి పెట్టుడు షురూ జేస్తె, ఇగ ఇవి ఒట్టి రాగే గద. ఒట్టి రాగిని ఇంట్ల పెట్టుకోని ఏం జేస్తం?"

"మీ నాయిన ఊరందరికి పెట్టిండు," అంది అమ్మ నాయనతో. ఆమె గొంతు అలా ఎప్పుడూ వినలేదు. "మనకే ఏం మిగలనియ్యలే."

"అవును," అన్నాడు నాయన.

అమ్మ గిన్నెలు సర్దుకుంది. కాసేపటికి నాయన నన్ను దగ్గరికి పిలిచి, అమ్మకు వినబడకుండా అడిగాడు:

"ఆ బోరబండ పోరగాని తల్లి నిజంగనే నవ్విందటనా?"

"నవ్విందట నాయినా. గల్లీ అంతట చెప్పుకుంట తిరిగిందట."

ఆయన తల ఊపి, గోడవైపు తిరిగి పడుకున్నాడు. కళ్లు తుడుచుకున్నాడో, ఊరికే ముఖం రుద్దుకున్నాడో నాకు కనబడలేదు.

మర్నాడు ఆఫీసు మెట్ల మీద నిలబడి మేడంకు ఫోను చేసి, సగం కుదరదని చెప్పాను. "అయ్యో," అందావిడ. నిజంగానే బాధపడింది. ఆ ఉద్యోగం రింగ్‌టోన్‌కు వచ్చింది. చేరిన రోజే ఫోను చేశాడు. "అన్నా, నువ్వు రాసుడు మాత్రం ఆపకు. ఆపితే మా అమ్మ నన్ను ఇంట్లకు రానియ్యది." కడపన్న వారం రోజులు నాతో సరిగా మాట్లాడలేదు. మాట్లాడిన రోజున, "నువ్వు యాడ బతుకుతావబ్బా ఈ ఊర్లో" అన్నాడు.

ఎలాగో బతికాను. ఆ ఆట మూతపడింది, ఫీడ్‌లకు చందా చేరేవాళ్లు పోయారు, బ్లాగుల కాలమే పోయింది. ఇప్పుడు ఫోనులో ఏది చదవబోయినా నాలుగు వరుసల తర్వాత 'ఇంకా చదవండి' అని ఆపుతారు. ఈ లోకం వచ్చేసరికి నాయన లేడు, అదొక విధంగా మంచిదే అనుకుంటాను. హైటెక్ సిటీ స్టేషనులో రైలు కోసం నిలబడినప్పుడు ఆనాటి కుర్రాడు ఒక్కోసారి గుర్తొస్తాడు. తన రాతలు ఎత్తుకుపోయినవాడికి సమోసాలు తినిపించి, బోరబండ రైలు ఎక్కించి, తన రైలు కోసం తల ఎత్తుకుని ఇదే ప్లాట్‌ఫారం మీద నిలబడ్డాడు. ఏం చూసుకుని అంత బిగుసుకుపోయాడో అని నవ్వొస్తుంది. ఇప్పుడు అడిగినా వెధవ అదే చేస్తాడు.

గంగాళాలు రెండూ, బోగోణీలు, కడాయి దసరాకు ముందే శేరిలింగంపల్లి పాత సామాన్ల వ్యాపారికి తూకానికి అమ్మాం. మూతలు ఇత్తడివని విడిగా తూచుకున్నాడు.