రొట్టె ముట్టని మా అత్త

మా అత్త ఈ మంగళవారం తెల్లవారుజామున కన్ను మూసింది. పాలు పితికే వేళకు లేవకపోతే నా భర్త పోయి పిలిచినాడు. పలకలేదు. మన సంఘంలో ఆమెను ఎరిగినవాళ్లు చాలామంది. ఆమె దేని కోసం అంత కష్టపడిందో తెలిసినవాళ్లు తక్కువ. అందుకే ఇది రాస్తున్నాను.

పెళ్లయి వెల్లిచందై దగ్గరున్న ఈ ఊరికి వచ్చిన కొత్తలోనే నేను చూసినాను. చర్చిలో ప్రభువు బల్ల రోజు రొట్టె పళ్లెం వరసలో వస్తే, అత్త ముట్టకుండా నా చేతికి ఇచ్చేసింది. తర్వాతి నెలా అంతే. వెనక ఆడవాళ్లు గుసగుసలాడినారు. అడిగే ధైర్యం నాకు లేదు. ఒకరోజు పేడ ఎత్తుతా, నా వైపు చూడకుండా ఆమే చెప్పింది.

చాలా ఏండ్ల కిందట, కరువు వచ్చిన ఏడాది, ఆమె పాలిచ్చే ఎనుమును కట్టేయడం మరిచింది. అది కోసిన జొన్నచేలో పడి లేత పిలకలు మేసింది. వాన లేనప్పుడు ఆ పిలకలు విషమని ఇక్కడ పిల్లలకు కూడా తెలుసు. పొద్దు గుంకేలోపల ఎనుము చచ్చింది. మా మామ కొడతాడని భయపడి, తన తోడికోడలు కుడితిలో పురుగుల మందు కలిపిందని అత్త ఊరందరి ముందర చెప్పింది. ఊరు నమ్మింది. ఆ తోడికోడలూ మొగుడూ కారిమంగళం పోయి బతకవలసి వచ్చింది. తర్వాత మామ మంచాన పడినప్పుడు అత్త ప్రార్థనకు పోయింది, ప్రభువును నమ్ముకుంది. ఆ అబద్ధాన్ని దేవునికి ఒప్పుకుంది గానీ మనుషుల ముందర చెప్పలేదు. తప్పు దాచుకుని ఆ రొట్టె తినకూడదని ముట్టేది కాదు.

"ప్రార్థనలో ఒప్పుకున్నావు కదత్తా. దేవుడు మన్నించి ఉంటాడు" అన్నాను.

"కన్నీళ్లు పొయ్యి ముందర కూడా వస్తాయి పాపా. కాళ్లు కదిలితేనే మారుమనసు."

సంత రోజు నన్ను తోడు తీసుకుని కారిమంగళం పోయింది. బస్సులో నా చెయ్యి వదల్లేదు. తోడికోడలు సంతలో టమాటాలు తూస్తా ఉంది. అత్త ఎదురుగా నిలబడి ఉన్నదంతా చెప్పింది. ఆమె తూకం ఆపలేదు. కొనేవాళ్లు పోయినాక తలెత్తింది.

"ఈడ చెప్తే ఏం లాభమక్కా? ఏ ఊర్లో అన్నావో ఆ ఊర్లో చెప్పు. విన్న చెవులు ఆడుండాయి."

ఇంట్లో నా భర్త అడ్డం పడినాడు. "చెప్తే నలుగురిలో మనకు మొగముంటుందామ్మా?"

"నాకు లేక చాలా ఏండ్లయింది లేరా" అనింది.

మరుసటి సాయంత్రం పాలు పోసే చోట అందరూ క్యాన్లతో నిలబడి ఉంటే, వాళ్ల ముందర చెప్పేసింది. ఒకామె, "ఎనుము పైనుంచి దిగి వచ్చి సాక్ష్యం చెప్పిందా అత్తా?" అంటే కొందరు నవ్వినారు. ఒక ముసలామె నేల మీద ఉమ్మి పోయింది. అత్త కదల్లేదు.

దాంతో కష్టం తీరలేదు. నా భర్త చాలా రోజులు ఆమెతో మాట్లాడలేదు. పెళ్లిళ్లకు పిలిచేవాళ్లు తగ్గినారు. కానీ ఆ నెల అత్త రొట్టె తీసుకుంది. చిన్న ముక్కే, నమలడానికి చాలాసేపు పట్టింది. ఆమె పాలు పితుకుతా పాడడం నేను మొదటిసారి విన్నది ఆ వారంలోనే.

తోడికోడలికి కబురు పంపింది. బదులు రాలేదు. నాకు కోపం వస్తే, "ఆమె కోపం ఆమె సొత్తు పాపా. అది కూడా నేను లాక్కోవాలా?" అనింది. ఆ ఎదురుచూపులోనే పోయింది.

మంగళవారమే కారిమంగళంలో తోడికోడలికి ఫోన్ చేసినాము. సాయంత్రం అత్తను పూడ్చే గుంట దగ్గర పాస్టరయ్య ప్రార్థన ముగించినాడు. చీకటి పడతా ఉందని పెద్దవాళ్లు తొందరపెట్టినారు. "ఇంకొంచెంసేపు చూద్దాం" అన్నాడు నా భర్త.

అప్పుడు తోడికోడలు ఒంటరిగా నడిచి వచ్చింది. జనం పక్కకు జరిగినారు. ఆమె వంగి గుప్పెడు మట్టి తీసుకుంది. మాది రాళ్ల నేల. గడ్డలు అరచేతిలో చిదిపి, రాళ్లు ఒక్కొక్కటే ఏరి పక్కన పడేసింది. మెత్తటి మట్టి మిగిలేదాకా ఏరింది. అప్పుడు గుంట అంచున మోకాళ్లూని, వేళ్ల సందుల్లోంచి దాన్ని మెల్లగా, చప్పుడు కాకుండా పెట్టె మీదికి జారనిచ్చింది.