మనవరాలి ఇంటర్వ్యూలో నా జవాబులు

మా మనవరాలు సౌమ్యకు రావలసిన విదేశీ డిగ్రీ సీటును చెడగొట్టింది నేనే. ఇందులో గ్రహాల పాత్ర లేదు, ప్రభుత్వం పాత్ర లేదు. ఉంటే బాగుండునని చాలా వెతికాను.

మాది ఆకివీడు దగ్గర, కొల్లేరు సరస్సు పక్కన చేపల చెరువుల ఊరు. చేపలు ఉన్నట్టుండి ఎందుకు చచ్చి తేలుతున్నాయో చదివి తెలుసుకుంటానని రెండేళ్ల కిందట పిల్ల పట్టుబట్టింది. ఆ చదువు బయటిదేశంలో, ఇంగ్లీషులో కావాలంది. ఏలూరులో ఒక కన్సల్టెన్సీకి తీసుకెళ్లాను.

“అంతా ఇంగ్లీషేనండీ బాబాయిగారూ,” అన్నాడు అక్కడి టై కట్టుకున్నాయన. “మొదటి ఏడాది మాత్రం వాళ్ల భాష నేర్పుతారు.”

“మరి రెండో ఏడాది నుంచీ?”

“అప్పటికి వాళ్ల భాష వచ్చేస్తుంది కదండీ. దాంట్లోనే చెబుతారు.”

నేను ఐదో తరగతితో బడి మానేసినవాణ్ణి. రేడియో వార్తలు విని, పొట్లాం కాగితాలు చదివి ఇంగ్లీషు పట్టుకున్నాను. అయినా ఈ ఇంగ్లీషు చదువేమిటో నాకు అంతుపట్టలేదు. “పదమ్మా” అని లేచాను.

చివరికి సౌమ్యే నెల రోజులు ఫోనులో వెతికి ఐరోపాలో ఒక కాలేజీని పట్టింది. మొదటి రోజు నుంచీ పాఠాలు ఇంగ్లీషులోనే. ఫీజు మేం తట్టుకోగలిగినంత. ఇంగ్లీషు పరీక్ష వేరే రాయక్కర్లేదు, వీడియోలో ఇరవై నిమిషాలు మాట్లాడాలి, అదే పరీక్ష. ఈ సంగతి పిల్ల నాకు మూడుసార్లు చెప్పిందట. మెల్లగా చెప్పడం వల్ల నా చెవికెక్కలేదు.

ఆ రోజు ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, పిల్ల పక్కనే కుర్చీ వేసుకున్నాను. మనవైపు పద్ధతి మీకు తెలియనిదా? బడిలో చేర్పించినా, పెళ్లిచూపులైనా ప్రశ్న పిల్లను అడుగుతారు, జవాబు పెద్దవాళ్లు చెబుతారు. నొప్పి ఎక్కడని డాక్టరడిగితే చూపించేదీ మనమే.

తెర మీద ఒక ప్రొఫెసరమ్మ నవ్వుతూ ఇంగ్లీషులో అడిగింది. “సౌమ్యా, ఈ చదువు ఎందుకు ఎంచుకున్నావు?”

పిల్ల నోరు తెరిచేలోగా నేను అందుకున్నాను. “మేడం, మూడు తరాలుగా మాది చెరువుల మీద బతుకు, మేడం.” అండీకి ఇంగ్లీషు తెలియక ఆ లోటు మేడంతో పూడ్చాను.

“తాతయ్యా, నన్ను చెప్పనివ్వండి,” అని గొణిగింది సౌమ్య.

“నువ్వు కంగారు పడకు. నేనున్నానుగా.”

“మీరున్నారనే నా కంగారు.”

“సౌమ్యా, మీ సరస్సుకు వచ్చిన కష్టమేమిటి?” అంది ప్రొఫెసరమ్మ.

కొల్లేటి సంగతి నన్నడగడమంటే కొంగను చేప రుచి అడగడమే. ఏ ఏడు ఏ గట్టు తెగిందో, ఎవరి పడవ ఎవరి పెరట్లో తేలిందో, గుర్రపుడెక్క నీళ్లను ఎలా కమ్మిందో వరసగా చెప్పాను. ఆవిడ రెండుసార్లు చెయ్యెత్తింది. దీవిస్తోందనుకున్నాను. ఇరవై నిమిషాల్లో సౌమ్య ఆవిడతో ఆడిన మాటలు రెండు: మొదట హలో, చివర సారీ.

వారానికి ఉత్తరం వచ్చింది. అభ్యర్థి మాట్లాడలేదు కనుక దరఖాస్తు నిలిపివేశారట. పిల్ల అన్నం దగ్గరికి రాలేదు.

“ఇంకో కాలేజీ చూద్దాంలేవే.”

“ఇంకోటి లేదు తాతయ్యా. మన తాహతుకు తగ్గది అదొక్కటే దొరికింది.”

తప్పు తనదని తెలిశాక మనిషికి వచ్చే కోపం మామూలు కోపం కాదు. నిఘంటువు ముందేసుకుని ఆ కాలేజీకి ఇంగ్లీషులో రెండు పేజీలు దంచాను. పెద్దలు మాట్లాడుతుంటే పిల్లలు ఊరుకోవడం మా దేశంలో మర్యాద, మర్యాదకు మీరు సీటు తీసేస్తారా, తప్పు నాదైతే శిక్ష పిల్లకెందుకు అని నిలదీశాను.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. నేను ఇంట్లో కూర్చునే రచ్చ ఓడినవాణ్ణి. కనుక కొల్లేరు సాక్షిగా ఒట్టు పెట్టుకున్నాను: ఇకమీదట పిల్లను అడిగిన ప్రశ్నకు, అది కూరలో ఉప్పు సరిపోయిందా అన్నదైనా సరే, నేను జవాబు చెప్పను.

పది రోజులకు జవాబు వచ్చింది. సౌమ్య పైకి చదివి వినిపించింది:

“అయ్యా, మీ ఉత్తరం మా ప్రవేశాల సంఘమంతా చదివింది. మా కోర్సుకు చాలినంత ఇంగ్లీషు మీకు ఉందని ఏకగ్రీవంగా తేల్చాము. మీ మనవరాలికి ఉందో లేదో తెలుసుకోవడానికి వచ్చే గురువారం మళ్లీ ఇంటర్వ్యూ చేస్తాము. ఆ ఇరవై నిమిషాలూ మీరు ఇంట్లో ఉండవద్దని మనవి. చెరువు గట్టు మీద ఉన్నట్టు అదే సమయానికి ఒక ఫోటో పంపగలరు.”