అమ్మోగారి పైపులు

అమ్మోగారికి ఉన్నది ఒకే ఒక్క జబ్బు: రోజూ చూసే దారినే చూసి రోజూ నిర్ఘాంతపోవడం. ఇరవై రెండేళ్లుగా అదే ఫ్యాక్టరీ బస్సు, అదే కిటికీ, అదే రోడ్డు. అయినా పొద్దున ఏడింటికి బస్సు కదిలిందంటే చాలు, పక్కన పిడుగు పడ్డట్టు గుండె మీద చెయ్యేసుకుని "అమ్మో!" అని అరిచేవాడు. అసలు పేరు ఆయన గుర్తింపు కార్డుకి తప్ప ఇంకెవరికీ గుర్తులేదు.

ఫ్యాక్టరీలో తయారయ్యేవి ఫ్యాన్లు. వాటిలో తప్పులు పట్టడం అమ్మోగారి ఉద్యోగం. రెక్క మీద వెంట్రుకంత గీత కనబడినా పక్కన పడేసేవాడు. ఎనిమిది గంటలపాటు ఏదీ నచ్చని ఆ మనిషికి బస్సెక్కితే నచ్చనిది ఉండేది కాదు.

ఆయన పక్కసీటు టైమ్‌కీపర్‌ది. నిమిషం ఆలస్యమైతే ఎవరికైనా ఎర్రగీత కొట్టే ఈయన, బస్సులో మాత్రం నలభై నిమిషాల కునుకు తన జన్మహక్కు అనుకునేవాడు. ఆ హక్కు ఒక్కరోజూ దక్కలేదు.

"అమ్మో! ఆ కొట్టు ముందు టైర్లు చూశారా? ఎంత నల్లగా ఉన్నాయో!"

"టైర్లు నల్లగా కాక మరెలా ఉంటాయండీ?"

"అదే కదా! అయినా మరీ అంత నలుపా!"

అన్నిటికన్నా పెద్ద కేక మూడో స్టాపులో. అక్కడ రోడ్డుకి కుడివైపు సిమెంటు పైపుల యార్డు. బస్సు ఆగీ ఆగకముందే అమ్మోగారు లేచి నిలబడి "అమ్మో! పైపులు!" అని గావుకేక పెట్టేవాడు. ఎవరో లారీ కింద పడ్డారేమోనన్నంత భయంతో నలభై తలలూ కుడివైపు తిరిగేవి. అక్కడ నిన్నటి పైపులే ఉండేవి.

ఒకరోజు టైమ్‌కీపర్ చేతులు జోడించాడు. "బాబ్బాబూ, మీకు పుణ్యముంటుంది. ఇకనైనా నోరు కట్టేసుకోండి."

అమ్మోగారు బేరానికి దిగాడు. "టైర్లు వదిలేస్తా. ఆ తర్వాత వచ్చే వాటర్ ట్యాంకు కూడా వదిలేస్తా. పైపులు మాత్రం అడక్కండి."

"ఏముందండీ ఆ పైపుల్లో?"

"మనిషన్నాక ఒక వ్యసనం ఉండాలి."

మరుసటి వారం టైమ్‌కీపర్ మొర దేవుడు విన్నాడు. జలుబు చేసి అమ్మోగారి గొంతు పూర్తిగా పోయింది. మెడకి మఫ్లరు చుట్టుకుని నిశ్శబ్దంగా వచ్చి కూర్చున్నాడు. టైర్లు వచ్చాయి, వెళ్లాయి. టైమ్‌కీపర్ హాయిగా కళ్లు మూసుకున్నాడు.

మూడో స్టాపులో ఎవరో ఆయన చొక్కా పట్టుకుని కుదిపారు. చూస్తే అమ్మోగారు. నోరు తెరిచి ఉంది, గాలి తప్ప ఏమీ రావడంలేదు. కళ్లు మాత్రం తలుపు వైపు చూస్తున్నాయి.

టైమ్‌కీపర్ రెండేళ్లలో మొదటిసారి ఆ స్టాపులో ఎడమవైపు చూశాడు.

మోటార్లకి తీగ చుట్టే సెక్షన్‌లో పనిచేసే అక్క బస్సెక్కుతోంది. రెండేళ్ల కిందట స్కూటరు ప్రమాదంలో ఆమె మోకాలు దెబ్బతింది, మడత పడదు. రెండు చేతులతో కడ్డీ పట్టుకుని, పక్కకి తిరిగి, కాలిని చీర కుచ్చిళ్లతో సహా చేత్తో ఎత్తి మెట్టు మీద పెట్టుకోవాలి. అలాంటి మెట్లు మూడు. నలభై జతల కళ్లు ఆ కాలినే చూస్తున్నాయి.

"అయ్యో పాపం!" అంది ఒకావిడ.

"చెయ్యివ్వమంటావా అక్కా?" అన్నాడొకాయన.

అక్క మొహం ఎర్రబడింది. ఎక్కిన ఒక్క మెట్టూ దిగిపోయింది. "మీరు వెళ్లండి. ఇలా తమాషాలా ఎక్కడం నావల్ల కాదు. ఉద్యోగం మానేస్తా, రేపట్నించి నాకోసం ఆపొద్దు."

టైమ్‌కీపర్ ఒకసారి అమ్మోగారి వైపు, ఒకసారి తలుపు వైపు చూశాడు. తలుపు ఎడమ, పైపులు కుడి! ఇంత చిన్న లెక్క నిమిషాలు లెక్కపెట్టే తనకి రెండేళ్లుగా తట్టలేదు!

ఆయన సీటు మీదికెక్కి నిలబడ్డాడు. పైన కడ్డీకి తల టంగుమని కొట్టుకుంది.

"అమ్మో! పైపులు! అమ్మో అమ్మో!"

ఎన్నడూ నోరెత్తని మనిషి అరిచేసరికి ఈసారి డ్రైవరుతో సహా అందరూ కుడివైపు తిరిగారు. టైమ్‌కీపర్ కూడా అటే చూస్తూ నిలబడ్డాడు. పైపుల వెనక నుంచి ఎండ పడుతోంది. పేర్చిన పైపులన్నిట్లో గుండ్రంగా వెలుగు నిండి ఉంది. ఒక్క పైపులో మాత్రం కుక్క పడుకుని ఉంది. దాని చెవులు ఎండకి గులాబీరంగులో మెరుస్తున్నాయి.

"ఓరి! నిజంగానే బాగున్నాయే!" అని గొణిగాడు నెత్తి తడుముకుంటూ.

ఈలోగా వెనక సీటు కిర్రుమంది. అక్క ఎక్కి కూర్చుని చీర సర్దుకుంటోంది. బస్సు కదిలింది.

"ఏమండీ టైమ్‌కీపర్ గారూ, మీకూ అంటుకుందా ఈ పైపుల పిచ్చి?" అంది. "అయినా ఇదేం చోద్యమో! నేనెక్కి చీర సర్దుకునేసరికి పైపులు దాటిపోతాయి. బస్సంతా చూసింది, నేనొక్కదాన్నే ఒక్కసారీ చూడలేదు."

అమ్మోగారు మఫ్లరులోంచి టైమ్‌కీపర్ వైపు బెదురుగా చూశాడు.

టైమ్‌కీపర్ తడుముకోలేదు. "పైపులదేముందిలే అక్కా, నువ్వు చూడాల్సింది ముందుంది." కిటికీలోంచి చెయ్యి చాపాడు. "అదుగో, వాటర్ ట్యాంకు! అమ్మో! ఏం తుప్పండీ బాబూ అది!"