టిఫిన్ ఫ్రీ

రామచంద్రపురం శ్యామలాంబగారు ఏటా భర్త తద్దినం మర్నాడు రాజమండ్రి వచ్చి, సత్తియ్య లాంచీలో పాపికొండలకి వెళ్లేవారు. కొండలు ఎవరిక్కావాలి? పట్టిసీమ దాటాక, ఆయన అస్థికలు కలిపిన చోట సత్తియ్య ఇంజను ఆపేవాడు. ఆవిడ బంతిపూలు గోదాట్లో వదిలేవారు. అందుకే టిక్కెట్టు ఎప్పుడూ సత్తియ్యకే చెప్పుకునేవారు.

2004లో అక్క కొడుకు గణేష్‌బాబు ఆ బుకింగుని ఓ ట్రావెల్ ఏజెంటుకి మార్పించాడు. “లాంచీ అదే, సత్తియ్యే నడుపుతాడు పిన్నీ. పైగా టిఫిన్ ఫ్రీ!” అన్నాడు. ఆవిడ సరేనన్నారు.

ఆ చోటు వచ్చింది. ఇంజను ఆగలేదు. శ్యామలాంబగారు పూలబుట్టతో సత్తియ్య దగ్గరికి వెళ్లారు.

“ఆపవేంటయ్యా?”

“నాతో చెప్పుకున్నప్పుడు మీకోసం ఆపానండి. ఇప్పుడు మీరు ఏజెంటుగారి పాసింజరండి. ఆయన ఎక్కడా ఆపొద్దన్నారు. ఆపితే రేపట్నుంచి నాకు బేరాలివ్వరండి.”

సత్తియ్య మొహం ఇటు తిప్పలేదు. మైకులో సినిమా పాట మోగుతోంది. గణేష్‌బాబు ప్లేటు తెచ్చాడు.

“ఇడ్లీ చల్లారిపోతోంది పిన్నీ.”

ఆవిడ వెనక్కి చూశారు. ఆ చోటు అప్పటికే మలుపు చాటుకి వెళ్లిపోయింది.

“నువ్వే తిను నాయనా. వీటికోసమేగా మీ బాబాయిని దాటొచ్చేశాం.”