స్టేట్‌మెంట్లు చేస్తుండగా ఆగిపోయే కంప్యూటరు

2006 వేసవిలో నన్ను కడప బ్రాంచి నుంచి కర్నూలు బ్రాంచికి సీనియర్ సర్వీస్ ఇంజనీరుగా బదిలీ చేశారు. ప్రభుత్వ కార్యాలయాలకు కంప్యూటర్లు అమ్మి, ఆపైన ఏడాది ఒప్పందం మీద వాటి బాగోగులు చూసే కంపెనీ మాది. ఇంజనీరు అన్నది మా విజిటింగ్ కార్డు మీది మాట. ఆఫీసుల్లో మమ్మల్ని ‘కంప్యూటరాయన’ అనేవాళ్లు.

చేరిన కొద్దిరోజులకే కోయిలకుంట్ల నుంచి వచ్చిన ఒక ఫిర్యాదు నా బల్ల మీదికి చేరింది. అక్కడి డివిజన్ ఆఫీసులో, ఏ శాఖదో చెప్పను, ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు గారి గదిలోని కంప్యూటరు ‘స్టేట్‌మెంట్లు తయారు చేయుచుండగా’ దానంతట అదే ఆగిపోతోందట. స్టేట్‌మెంట్లంటే పై ఆఫీసుకు పంపే పనుల లెక్కల పట్టికలు. నాకంటే ముందు వెళ్లినవాళ్లు వైరస్ అని తేల్చి, డిస్కు మొత్తం చెరిపి, విండోస్ మళ్లీ ఎక్కించి వచ్చారు. జబ్బేమిటో తెలియనప్పుడు మా వృత్తిలో అందరూ ఇచ్చే మందు అదే.

ఎగ్జిక్యూటివ్ ఇంజనీరును ఈఈ అంటారు. డివిజన్‌కు ఆయనే పెద్ద. ఆయన కింద డీఈలు, ఏఈలు అనే ఇంజనీర్లు. కాగితాల వైపు సూపరింటెండెంటు, ఆయన కింద గుమాస్తాలు. అందరికంటే కింద కాంట్రాక్టు మీద పనిచేసే డేటా ఎంట్రీ ఆపరేటరు. మెప్పు పైకి, తప్పు కిందికి పారేలా కట్టిన కాలువ అది. ఎంత కరువులోనూ ఎండేది కాదు.

సూపరింటెండెంటు వెంకటసుబ్బయ్య గారు నన్ను కూర్చోబెట్టి మంచినీళ్లు ఇప్పించి, జరిగిన నష్టం వివరించారు. మావాళ్లు డిస్కు చెరిపినప్పుడు ‘శాఖ సాధించిన ప్రగతి వివరాలు’ సమస్తం పోయాయట. ఈఈ గారు రెండు పూటలు ఎవరితోనూ మాట్లాడలేదట. స్టాకు రిజిస్టరులో ఆ యంత్రం ఆపరేటరు షాహీన్ పేరున ఉంది కాబట్టి, అది ఈఈ గారి గదిలోనే ఉన్నా, అజాగ్రత్తగా వాడి పాడు చేసిందని ఆమెకు మెమో ఇచ్చారు. మెమో అంటే సంజాయిషీ అడిగే కాగితం. సంజాయిషీ నచ్చకపోతే నెలాఖరుకు కాంట్రాక్టు పొడిగించరు.

షాహీన్ బనగానపల్లె నుంచి రోజూ బస్సులో వచ్చేది. భర్తకు మామిడి కాపు కాలంలోనే పని. మిగతా ఏడాదంతా ఆ ఇల్లు ఈ ఉద్యోగం మీదే నడిచేది. పొద్దున ఈఈ గారు రాకముందు ఆ గదిలో కూర్చుని స్టేట్‌మెంట్లు టైపు చేసి, ఆయన రాగానే బయటికి వచ్చేస్తుంది. యంత్రం ఆగిపోయేది మాత్రం మధ్యాహ్నం పూట, ‘ఈఈ గారు ఫైళ్లు చూస్తున్నారు’ అని అటెండరు తలుపు మూసిన తర్వాత.

నేను పద్ధతి ప్రకారమే మొదలుపెట్టాను. ర్యామ్ పలకలు తీసి, కాంటాక్టులు రబ్బరుతో రుద్ది, తిరిగి బిగించాను. నా సంచిలోని ర్యామ్ వేసి చూశాను. డిస్కును పరీక్షించాను. తర్వాత సూపరింటెండెంటు గారు పక్కన నిలబడి స్టేట్‌మెంటు చెబుతుంటే టైపు చేశాను. కంప్యూటరు ఆగలేదు. ఆయనే ఆగిపోయారు, చెప్పడానికి స్టేట్‌మెంట్లు అయిపోయి.

‘ప్రోగ్రెస్’ అనే ఫోల్డరు అప్పుడే నా కంటబడింది. తెరిచాను. అందులో, డిస్కు చెరిపాక ఎవరో మళ్లీ ఎక్కించిన కార్ల పందెం ఆట ఉంది. పోయిన ప్రగతి ఏమిటో నాకు అర్థమైంది. కొనేటప్పుడు ‘కాంటూరు మ్యాపులు చూచుటకు’ అని ఇండెంటులో రాసి ఖరీదైన గ్రాఫిక్స్ కార్డు ఎందుకు వేయించుకున్నారో కూడా అర్థమైంది. బొమ్మలను వేగంగా గీయడానికి పెట్టే అదనపు పలక అది. మాట వరసకు చెబుతున్నాను, ఆ గదిలో నాకు నేల ఎత్తుపల్లాలు చూపే అలాంటి మ్యాపు ఒక్కటీ కనబడలేదు.

సూపరింటెండెంటు గారు తెర వైపు నుంచి చూపు తిప్పుకుని కిటికీ అవతల ఏదో పరిశీలించసాగారు. “అట్లాంటియి మన ఆఫీసులో యాడుంటాయప్పా” అన్నారు, నేను ఏమీ అడగకుండానే.

వరండాలో షాహీన్ నన్ను ఆపింది. గొంతు తగ్గించి అంది: “అదేందో మీకూ తెల్సు సార్, నాకూ తెల్సు. నేను నోరు తెరిస్తే నా ఉద్యోగం పోతాది. మీరు తెరిస్తే మీ ఒప్పందం పోతాది. ఎవురూ ఏమీ చెప్పకుండా బాగయ్యే దారి ఏమన్నా ఉండాదా?”

చూస్తానని చెప్పి లోపలికి వచ్చాను. లోపం కళ్లబడందే మరమ్మతు చేయలేం, ఆట ఆడందే లోపం కళ్లబడదు, ఆ ఆఫీసులో ఆటన్నదే లేదు. పరిస్థితి అది.

మధ్యాహ్నం ఈఈ గారు భోజనం చేసి వచ్చారు. గంభీరమైన మనిషి. నేను లేచి నిలబడి, మా సర్వీసు పద్ధతుల్లో లోడ్ టెస్ట్ అని ఒకటుంటుందని విన్నవించుకున్నాను. బొమ్మలు వేగంగా కదిలే ప్రోగ్రాం ఏదైనా నడిపి, యంత్రం మీద బరువు వేసి చూస్తామనీ, అదృష్టవశాత్తు అలాంటిది ఒకటి ఈ కంప్యూటరులోనే దొరికిందనీ, దాన్ని నడపడం మాత్రం నాకు చేతకాదనీ చెప్పాను.

ఈఈ గారు నా ముఖం చూశారు. నేను నా స్క్రూడ్రైవరు చూసుకున్నాను.

“లోడ్ టెస్టా?” అన్నారు.

“అవును సార్. సాంకేతికమైన విషయం.”

“టెక్నికల్ అంటే నేనే చెయ్యాల గదా. ఈడ ఇంగెవరికి తెలుస్తాది?” అని కుర్చీ ముందుకు లాక్కున్నారు.

సాక్షిగా సూపరింటెండెంటు గారిని కూడా పిలిచారు. నేను టేబులు కింద చెక్క పెట్టెలోంచి సీపీయూను మళ్లీ బయటికి లాగి, మూత విప్పి, వోల్టేజి కొలిచే మల్టీమీటరు తీగలు పన్నెండు వోల్టుల లైనుకు తగిలించాను. ఈఈ గారు కారు తీశారు. నేను చూసిన చోదకుల్లో అంత నిదానం, అంత నేర్పు ఉన్నవాళ్లు తక్కువ. సూపరింటెండెంటు గారు చేతులు కట్టుకుని “మలుపు శానా బాగా తిప్పినారు సార్” అంటుంటే, ఆయన “టెస్టప్పా, టెస్టు” అని సవరిస్తున్నారు. కార్లన్నీ ఒక్క గుంపుగా సొరంగంలోకి దూరాయి. మీటరులో వోల్టేజి జారడం మొదలైంది. పదకొండు కంటే దిగువకు పడగానే తెర నల్లబడింది. ఈఈ గారి నోటి నుంచి ఒక మాట వచ్చింది. అది ఏ మాన్యువల్‌లోనూ లేదు.

లోపం దొరికింది. ఇంటి కరెంటును కంప్యూటరుకు తగిన చిన్న వోల్టేజీలుగా మార్చి ఇచ్చే డబ్బాను ఎస్ఎంపీఎస్ అంటారు. గ్రాఫిక్స్ కార్డు అమ్మిన మా సేల్స్ విభాగం, దాని ఆకలికి తగిన ఎస్ఎంపీఎస్ కూడా వేయాలని అనుకోలేదు. టైపు మిషను స్థాయి డబ్బానే ఉంచేసింది. దానికితోడు దుమ్ము పడకుండా అటెండరు భక్తితో కప్పిన మఖమల్ గుడ్డ, గాలి ఆడని చెక్క పెట్టె, ఆ ఊరి మే నెల. ఏసీ గాలి అధికారి వైపు తిప్పి ఉంది, యంత్రం వైపు కాదు.

మరుసటి రోజు కర్నూలు నుంచి పెద్ద ఎస్ఎంపీఎస్ తెచ్చి బిగించాను. గుడ్డ తీయించాను. సీపీయూను టేబులు మీదికి చేర్చాను. ఈఈ గారు లోడ్ టెస్ట్ మళ్లీ చేశారు. యంత్రం నిలబడింది. ఇక చాలన్నాను. “ఇంగో రౌండు చూద్దాం. సర్కారు సొమ్ము, తొందరపడితే యెట్ల?” అన్నారు. నా సాయంత్రం బస్సు వేళ దాకా చూశారు.

సర్వీసు రిపోర్టులో ఇలా రాశాను: ‘విద్యుత్ సరఫరా యూనిట్ సామర్థ్యం చాలకపోవుట వలన లోపము. ఈఈ గారు స్వయముగా నిర్వహించిన లోడ్ టెస్టులో నిర్ధారణ అయినది. ఆపరేటరు వాడకమునకు, లోపమునకు సంబంధము లేదు.’ ఈఈ గారు చివరి వాక్యం దగ్గర పెన్ను ఆపారు. ప్రోగ్రాం పేరు రాయాలా అని అడిగారు. అక్కర్లేదన్నాను. సంతకం పెట్టారు. షాహీన్ ఒక ప్రతిని తన సంజాయిషీకి జత చేసింది.

ఆమె కాంట్రాక్టు పొడిగించారు. మెమో మాత్రం ‘ఆపరేటరు తప్పు లేదని తేలినందున, ఇకముందు ఇట్టి తప్పు చేయరాదని హెచ్చరిస్తూ’ ముగించారు. ఆమె ఆ హెచ్చరికను అందుకున్నట్టు సంతకం చేసి, బస్సుకు వెళ్లిపోయింది.

తర్వాత ఆ డివిజన్ పరిధిలోని కంప్యూటర్లన్నిటికీ క్రమం తప్పకుండా లోడ్ టెస్ట్ చేయాలని ఉత్తర్వు వెలువడింది. డీఈల దగ్గర నుంచి మా బ్రాంచికి గ్రాఫిక్స్ కార్డుల ఇండెంట్లు వచ్చాయి, అన్నీ కాంటూరు మ్యాపుల కోసమే. సేల్స్ మేనేజరు నన్ను అభినందించాడు. నేను ఆయనకు ఎస్ఎంపీఎస్ సంగతి గుర్తుచేశాను.

కొత్తగా చేరిన ఇంజనీర్లకు ఆ తర్వాత నేను చెప్పిన పాఠం ఒక్కటే. లోపం ఎప్పుడు వస్తోందో యంత్రాన్ని వాడేవాడికి తెలుసు, కానీ చెప్పడు. అబద్ధం చెబుతున్నావని అతన్ని నిలదీస్తే నిజం రాదు, పై ఆఫీసు నుంచి ఫోను వస్తుంది. అతను చేసే పనికి మర్యాదైన పేరొకటి పెట్టి, మల్టీమీటరు తగిలించి, పక్కన నిలబడాలి.