కార్తీకంలో బావ పద్యం

డెబ్బైల నాటి మాట. తెనాలిలో మా బావ ఇంట్లో ఆదివారం సాయంత్రాలు స్నేహితులం చేరేవాళ్ళం. బ్రాందీ తలకెక్కగానే బావ హార్మోనియం ముందేసుకుని నాటక పద్యాలు అందుకునేవాడు. మేం "వన్స్ మోర్" అని అరిచేవాళ్ళం.

ఒక ఏడాది మా అక్క పోరు పడలేక కార్తీకమాసమంతా అందరం మందు మానేశాం. అయినా అలవాటుకొద్దీ చేరాం. గోలీసోడాలు తాగాక బావ పద్యం ఎత్తుకున్నాడు. ఎవరం నోరు మెదపలేదు. రాగం సగంలో తనే ఆపేసి, బెదురుగా మా మొహాల్లోకి చూశాడు.

"ఒరేయ్, నేనెప్పుడూ ఇట్టాగే పాడతానా ఏంటి?"

"ఏమో బావా, మేమూ ఇవాళే వింటున్నాం" అన్నాను.

వంటింట్లోంచి అక్క గొంతు వినిపించింది: "ఇన్నేళ్ళూ నేనొక్కదాన్నే విన్నానర్రా!"

కార్తీకం వెళ్ళగానే బ్రాందీ తిరిగొచ్చింది. హార్మోనియం మాత్రం అటకెక్కింది. వ్రతం మాది, ఫలం అక్కది.